తీసినది రాయడానికి గడి లేదు

గనగళ్ళ దానమ్మ జన్మలో అబద్ధం ఆడలేదని చెప్పలేం. చేపలమ్ముకునే మనిషి. నిన్నటి చేపను ఇవాళ్టి చేపని బుకాయించిన రోజులు లేకపోలేదు. కానీ ప్రభుత్వంవారు ఫారం పట్టుకుని గుమ్మంలోకి వచ్చి అడిగితే మాత్రం ఉన్నదున్నట్టు చెప్పి తీరాలని ఆమె నమ్మకం. ఆ ఒక్క నమ్మకంతో దిబ్బలరేవు ఊరు మొత్తాన్ని ఆమె నానా తిప్పలూ పెట్టింది.

అవి వేట నిషేధం రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని రెండు నెలలపాటు ఎవర్నీ సముద్రం మీదికి పోనివ్వరు. మగవాళ్ళంతా ఒడ్డున నీడ చూసుకుని వలలు బాగుచేసుకుంటున్నారు. దానమ్మ మొగుడు ఎల్లాజీ కూడా అక్కడే ఉన్నాడు. అతను ఇంట్లో ఉండి ఉంటే ఈ కథ లేదు. "ఏటీ ఏయం, పోండి" అని ఒక్క ముక్కలో తేల్చి పంపేసేవాడు.

గుమ్మంలోకి వచ్చినవాడు సముద్ర పరిశుద్ధి శాఖలో గుమస్తా. పేరు లింగమూర్తి. రిటైరుమెంటుకి ఏడాదిన్నర ఉంది. అప్పటిదాకా ఏ గొడవలోనూ తన సంతకం ఉండకూడదన్నది ఆయన వ్రతం. అరుగు మీద కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, కరపత్రం చదివాడు.

"ప్లాస్టిక్ అనగా సంచులు, సీసాలు, గ్లాసులు, తాళ్ళు, నైలాను మున్నగు కృత్రిమ పదార్థములు. ఇది వెయ్యేండ్లయినను నశింపదు. ఇక ప్రశ్న. మీ కుటుంబము సముద్రములో ప్లాస్టిక్ వేయుచున్నదా?"

"నైలాను కూడా అదేనా బాబూ?"

"అదేనమ్మా. ఇక్కడ రాసుంది."

"అయితే ఏస్తాం."

లింగమూర్తి కలం ఆగిపోయింది. మూడు వారాలుగా ఆయన ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. వేస్తామన్న మనిషి ఇంతవరకూ తగల్లేదు.

"ఏం వేస్తారు?"

"వలే. వల నైలానే కదేటి. మా మావ రోజూ ఏస్తాడు. పొద్దుటేల ఓపాలి, మాపటేల ఓపాలి, మొత్తం రెండుసార్లు."

"బరువెంత?"

"నలబై కిలోలుంటాది. అయినా ఏసిందాన్ని అక్కడే ఒగ్గెయ్యం కదా, మళ్ళీ తీసీస్తాం."

లింగమూర్తి ఫారం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. 'వేసినది' అని ఒక గడి ఉంది. వేసినవారి పేరుకు ఇంకో గడి, ఎన్నిసార్లు వేసిందీ రాయడానికి మరో గడి ఉన్నాయి. 'తీసినది' అన్న మాట ఎక్కడా లేదు. సముద్రంలో ప్లాస్టిక్ వేసినవాడు మళ్ళీ దాన్ని తీసుకుంటాడని ఆ ఫారం తయారుచేసిన మహానుభావుడికి తట్టలేదు, పాపం.

"తీసినది రాయడానికి గడి లేదమ్మా."

"నేకపోతే పక్కన రాయండి."

"పక్కన రాస్తే కంప్యూటరు ఒప్పుకోదు."

పోతూ పోతూ ఆయన వీధిచివర బోర్లించి ఉన్న ఫైబరు తెప్పను చూసి ఆగాడు. అది కూడా నీళ్ళలో వేస్తారా అని అడిగాడు. దానమ్మకు నవ్వొచ్చింది. "తెప్పని ఏస్తారేటి బాబూ, దించుతాం" అంది. దించడానికి గడి లేదు కాబట్టి తెప్పలు ఆ విధంగా బతికిపోయాయి.

గుమస్తా పక్కింటికి చేరేలోపు దానమ్మ వీధంతా కేకేసి చెప్పింది. "ఓలమ్మా, సర్కారోళ్ళొచ్చినారు. నైలాను వల కూడా ప్లాస్టిక్కేనట, దాచకండి. నానూ సెప్పీసినాను" అంది. దిబ్బలరేవులో నూట పది వలలు ఉన్నాయి. నూట పది ఇళ్ళవాళ్ళూ వేస్తామనే చెప్పారు. లింగమూర్తికి ఒక్క సంగతి మాత్రం బాగా గుర్తుంది. ప్రజలు చెప్పినది చెప్పినట్లు రాయవలెనని ఫారం అడుగున అచ్చు వేసి ఉంది. ఆయన అలాగే రాశాడు.

నెల తిరక్కుండానే జీపొచ్చింది. అందులోంచి ఆ శాఖ ఉపసంచాలకులు విశ్వంభరంగారు దిగారు. నలగని చొక్కా, మెడలో గుర్తింపు కార్డు, వెనక ఫైళ్ళతో లింగమూర్తి. తుఫాను షెల్టరు ముందు ఊరంతా పోగయింది.

"గ్రామస్థులారా," అన్నారు విశ్వంభరంగారు, "ఈ సువిశాల తీరరేఖలోని సమస్త గ్రామములలోనూ మీ గ్రామము ప్రథమ స్థానము నలంకరించినది."

ఊరిపెద్ద సూరాడ కొర్లయ్య చప్పట్లు కొట్టాడు. పెద్ద కొట్టాడని ఊరంతా కొట్టింది. దానమ్మ అందరికంటే గట్టిగా కొట్టింది. తను చెప్పిన నిజానికి ఇంత గౌరవం దక్కుతుందని ఆమె అనుకోలేదు.

చప్పట్లు ఆగేవరకూ ఓపిక పట్టి లింగమూర్తి మెల్లిగా విప్పి చెప్పాడు. ఊరు రోజుకు ఎనిమిదివేల ఎనిమిది వందల కిలోల ప్లాస్టిక్కును సముద్రంలో వేస్తోందట. ఊళ్ళో వాళ్ళే ఒప్పుకున్నారట. ఇళ్ళవారీగా వేలిముద్రలున్నాయట.

"తీసీస్తాం కదా బాబూ," అన్నాడు కొర్లయ్య.

"తీసినట్లు దస్త్రములో కలదా?"

"తియ్యకపోతే సేపలెలాగొస్తాయి? మేమేటి తింతాం?"

"అది భోజన విషయము. మా శాఖ పరిధిలోనిది కాదు," అన్నారు విశ్వంభరంగారు. తర్వాత గొంతు తగ్గించి, "ఇంకొక అనుమానము కూడా ఉన్నది. ఈ లెక్క చొప్పున మీ ఊరి ముందరి సముద్రము ఇప్పటికి పూడిపోయి ఉండవలెను. ఎందుకు పూడలేదో దానిపై వేరుగా విచారణ జరుగును," అన్నారు.

ఆ సాయంత్రానికి నూట పది వలలనూ తుఫాను షెల్టర్లో పడేసి తాళం వేసి లక్క ముద్ర కొట్టారు. వేట నిషేధం ఎత్తివేయడానికి అప్పటికి ఇంకా పదకొండు రోజులున్నాయి. రెండు నెలలు చేతులు ముడుచుకు కూర్చున్న ఊరు ఆ రోజు కోసమే కాచుకుని ఉంది. తొలి వేటకు పడ్డన్ని చేపలు మళ్ళీ ఏడాదంతా పడవు. ఇప్పుడు సముద్రం తెరిచినా వల లేదు.

అదే వారం పక్క పట్నానికి నిర్మల సాగర పురస్కారం ఇచ్చారు. అక్కడ ఇరవైవేల ఇళ్ళలో అడిగితే ఇరవైవేల ఇళ్ళవాళ్ళూ సముద్రంలో ఏమీ వేయమన్నారు. అందులో అబద్ధమేమీ లేదు. వాళ్ళు వేసేది పట్నం వాగులో, అంటే గెడ్డలో. గెడ్డ పోయి సముద్రంలో కలుస్తుంది, కానీ గెడ్డచేత ఎవరూ ఫారం నింపించలేదు. విశ్వంభరంగారు స్వయంగా వేదికెక్కి శాలువా కప్పివచ్చారు.

ఇక దానమ్మ పాట్లు చెప్పనక్కర్లేదు. కుళాయి దగ్గరికి వెళ్తే మాటలు ఆగిపోయేవి. ఆమె బిందె పెట్టగానే పక్క బిందె జరిగేది. "ఇంతమందున్నాం, నీకేటే అంత నిజం?" అని తోడికోడలు మొహం మీదే అనేసింది. ఎల్లాజీ అసలు ఏమీ అనలేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. అతను ఒడ్డుకు పోయి, వల లేని తెప్ప పక్కన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు.

"ఏటైనా అను మావా. తిట్టు పోనీ," అంది దానమ్మ మూడోరోజు.

"ఏటంతాను? రెండు నెల్ల నుంచి కన్నుకన్నూ కుట్టుకున్నానే ఆ వలని. అది కనబడకపోతే సేతులేటి సెయ్యాలో తెలడం నేదు."

దానమ్మకు ఏడుపు ఆగలేదు. తన నోటితో పోగొట్టింది తన నోటితోనే తేవాలనుకుని, మర్నాడు మొగుణ్ణి లాక్కుని పట్నం ఆఫీసుకు బయల్దేరింది.

విశ్వంభరంగారు చాలా సానుభూతితో మాట్లాడారు. మత్స్యకారుల అభ్యున్నతే తమ శాఖ పరమావధి అన్నారు. ప్రత్యామ్నాయాలు కూడా సిద్ధంగా ఉంచామన్నారు.

"గాలము వాడవచ్చును కదా."

"గాలం తీగ కూడా నైలానే బాబూ," అన్నాడు ఎల్లాజీ.

"నూలు వల?"

"మా ముత్తాత కాలంలో ఉండేదట. ఇప్పుడది అల్లీవోళ్ళు నేరు."

విశ్వంభరంగారు నిబంధనల పుస్తకం తెరిచారు. చాలాసేపు చదివి ముఖం వికసింపజేశారు. "చూడండి. నిషేధము సముద్రములో వేయుటకు మాత్రమే. ఒడ్డున వేయుటకు ఎట్టి అభ్యంతరమూ లేదు. మీరు వలను ఒడ్డున వేసుకొనండి."

ఎల్లాజీ దానమ్మ వంక చూశాడు. దానమ్మ విశ్వంభరంగారి వంక చూసింది. "మరి సేపలు ఒడ్డుకొస్తాయా బాబూ?"

"చేపల రాకపోకలు మత్స్యశాఖవారు చూచుకొందురు."

దానమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. "ఒకటడుగుతాను బాబూ, ఇనండి. ఏసింది రాసుకున్నారు. తీసింది రాసుకోడానికి ఓ గడి గీయండి. అంతే. గీత గీయడానికి ఎంతసేపు?"

గడులు గీసే అధికారం రాజధానిలో తప్ప ఎవరికీ ఉండదని ఆయన చెప్పబోతుండగా, లింగమూర్తి వంగి చెవిలో ఏదో చెప్పాడు. సముద్రంలోంచి ఈ ఆఫీసు ఇంతవరకూ ఎంత ప్లాస్టిక్ తీయించిందని పైనుంచి తాఖీదు వచ్చి ఉంది. జవాబు రాయవలసిన చోట సున్నా ఉంది. 'తీసినది' అన్న గడి ఉంటే అందులో సున్నా కాకుండా ఇంకేమైనా పడుతుందేమో. విశ్వంభరంగారు స్కేలు తెప్పించుకుని తమ స్వహస్తాలతో గీత గీశారు. కింద 'ప్రయోగాత్మకము' అని రాశారు.

వేట మొదలయ్యే రోజున సీళ్ళు విప్పారు. ఒడ్డున పెద్ద కాటా పెట్టారు. ప్రతి వలనూ పోయేటప్పుడు తూచి 'వేసినది' గడిలో రాశారు. ఎల్లాజీ వల సరిగ్గా నలభై కిలోలు తూగింది. మధ్యాహ్నానికి తెప్పలు తిరిగొచ్చాయి. చాలా రోజుల తర్వాత ఒడ్డంతా కానాగంత చేపలూ నెత్తళ్ళూ మెరిశాయి. చేపలు దులిపేసిన వలలను మళ్ళీ కాటా మీద పెట్టారు.

"యాభై ఎనిమిది," అన్నాడు లింగమూర్తి.

విశ్వంభరంగారు వంగి చూశారు. నిజంగానే యాభై ఎనిమిది. రెండో వలా అంతే, మూడోదీ అంతే. ఆయన మొహంలో రంగులు మారాయి. ఈ ఊరు సముద్రంలో నలభై వేసి యాభై ఎనిమిది తీస్తోంది. వలకు పద్ధెనిమిది కిలోల చొప్పున ఒక్క పూటలో దాదాపు రెండు టన్నుల ప్లాస్టిక్ బంగాళాఖాతంలోంచి తగ్గిపోయింది.

"బాబూ, అది..." అని దానమ్మ నోరు తెరిచింది. ఎల్లాజీ ఆమె మోచెయ్యి గట్టిగా గిల్లాడు. దానమ్మ నోరు మూసుకుంది. నిజం మింగితే గొంతులో ముల్లు ఉన్నట్టే ఉంటుంది ఆమెకు. అయినా ఊరి మొహం చూసి మింగింది.

విశ్వంభరంగారు అక్కడికక్కడే పైవాళ్ళకు ఫోన్ చేశారు. దిబ్బలరేవు ప్రయోగము అని పేరు పెట్టారు. ఈ వేగంతో పోతే బంగాళాఖాతం ఎన్నేళ్ళకు పరిశుభ్రమవుతుందో లెక్క కట్టి, ఆ తర్వాత హిందూ మహాసముద్రాన్ని కూడా చేతికి తీసుకుందామన్నారు. మొన్న ఊరికి సీలు వేసిన మనిషే ఆ రోజు కొర్లయ్యకు పూలదండ వేశారు.

మర్నాడు పొద్దున్న వలలను మళ్ళీ తూచారు. నలభై.

విశ్వంభరంగారు కాటాను కాలితో తన్ని మళ్ళీ తూయించారు. నలభయ్యే. నూట పది వలలూ నలభయ్యే.

"నిన్న ఇక్కడ యాభై ఎనిమిది కిలోల వల ఉన్నది. పద్ధెనిమిది కిలోలు ఏమైనవి?"

ఇక దానమ్మ వల్ల కాలేదు. "ఎండిపోయినాదండి. అవి నీళ్ళు బాబూ. ఇసకా నాచూ కూడా కొంచిం ఉంటాది. వల తడిస్తే బరువెక్కుతాది, ఎండితే తగ్గుతాది."

"ప్లాస్టిక్ వెయ్యేండ్లయినా నశింపదని మా కరపత్రములో స్పష్టముగా కలదు. అట్టిది ఒక్క ఎండకు పద్ధెనిమిది కిలోలు నశించినదా?"

"ఎండినాది బాబూ."

"ఎండినదని రాయుటకు," అన్నాడు లింగమూర్తి నిట్టూర్చి, "గడి లేదమ్మా."

ప్రభుత్వం తీయించిన రెండు టన్నుల ప్లాస్టిక్కును ఊళ్ళోవాళ్ళు గుట్టుగా మళ్ళీ సముద్రంలో వేసేశారని విశ్వంభరంగారు తేల్చారు. పైకి లెక్క పంపేశారు కాబట్టి దాన్ని వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. అందుకని ఇకమీదటైనా తీసిన వలల బరువు తగ్గకుండా చూడమని ఆజ్ఞాపించారు. అంటే వలలు ఎండకూడదు. ఆ రోజునుంచి దిబ్బలరేవు ఆడవాళ్ళు వంతులు వేసుకుని వలలకు నీళ్ళు పోశారు. తాగే నీళ్ళు మోసుకోవడానికే తీరిక లేని ఊళ్ళో సముద్రం నీళ్ళు మోసి, కాపలా పెట్టి మరీ పోశారు. తడివల కుట్టడానికి కుదరదు. చిరుగులు పెద్దవయ్యాయి. చేపలు అందులోంచే చక్కా పోయాయి.

అంత చేసినా సోమవారం యాభై ఏడే తూగింది. "వలకొక కిలో ఏది?" అన్నారు విశ్వంభరంగారు. శుక్రవారంలోగా పోయిన ప్లాస్టిక్ అంతా కళ్ళముందు పెట్టకపోతే ఈ కాలమంతా వలలకు సీలేనని కాగితం అంటించి వెళ్ళారు.

ఆ కాగితం ముందు నిలబడి ఊరు నీరుగారిపోయింది. దానమ్మకు మాత్రం ఒళ్ళు మండింది. ఇన్ని రోజులూ భయపడింది, సిగ్గుపడింది, ఏడ్చింది. ఇప్పుడు వీటన్నిటినీ దాటి కోపం వచ్చింది.

"ఓయ్ మావా, మీరు వల లాగినప్పుడు సేపల్తో పాటు ఇంకేటొస్తాయి?"

"ఏటొస్తాయి, సంచులు, సీసాలు, దరిద్రం. అక్కడే దులిపీసి వస్తాం."

"దులపకండి. అంతా ఇంటికి తెచ్చీయండి. ఆయనకి ప్లాస్టిక్ గావాలట. ఇద్దాం."

నాలుగు రోజులు మగవాళ్ళు చేపలతో పాటు చెత్త మోసుకొచ్చారు. ఆడవాళ్ళు దాన్ని ఒడ్డున పోగేశారు. శుక్రవారం నాటికి ఆ కుప్ప కొర్లయ్య ఇంటి చూరు అంత ఎత్తయింది. కంపు భరించలేక కాకులు కూడా దూరంగా వాలాయి.

విశ్వంభరంగారు వచ్చి, ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, కుప్ప చూసి సంతోషించారు. "ఒప్పుకొన్నారన్నమాట. లింగమూర్తిగారూ, తూచి 'తీసినది'లో వ్రాయండి."

"తూచే ముందు ఎవరిదో సదవండి బాబూ," అంది దానమ్మ. "మీ ఫారంలో ఏసినోడి పేరు గడి ఉంది కదా. ఆ పేర్లు దీని మీదే ఉన్నాయంట. నాకు సదువు రాదు, మీరే సదివి రాయండి."

లింగమూర్తి ఒక సంచీ తీసి దులిపాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. "బుచ్చిబాబు మిఠాయి దుకాణం, కొత్త బస్టాండు ఎదురుగా," అని చదివాడు. అది పట్నంలో ఉంది. ఇంకోటి తీశాడు. పట్నంలో బట్టల కొట్టు. మరోటి పట్నంలో కల్యాణ మండపం. తీసిన ప్రతిదీ పట్నానిదే. గెడ్డ ఫారం నింపలేదు గానీ, చిరునామాలు మాత్రం భద్రంగా చేరవేసింది.

"పట్నమువారు సముద్రములో ఏమీ వేయరు," అన్నారు విశ్వంభరంగారు నెమ్మదిగా. "వారికి పురస్కారము ఇచ్చియున్నాము."

"అలాగయితే ఆ సంగతి కూడా రాయండి," అంది దానమ్మ.

లింగమూర్తి కుప్పలోంచి పెద్ద ఫ్లెక్సీ ఒకటి లాగాడు. ఇద్దరు మనుషులు పట్టుకుంటే గానీ విప్పుకోలేదు. దాని మీద 'నిర్మల సాగర పురస్కార ప్రదానోత్సవము' అని ఉంది. కింద, చేతులు జోడించి చిరునవ్వు నవ్వుతూ నిలువెత్తు విశ్వంభరంగారు. ఎడమ చెంపను పీత కొరికేసింది. ఊరు చాలా మర్యాదగా నవ్వాపుకుంది.

విశ్వంభరంగారు బొమ్మను చూశారు, కుప్పను చూశారు. కుప్పను లెక్కలోకి తీసుకుంటే పట్నం దొంగవుతుంది, పురస్కారం అబద్ధమవుతుంది, వేసినవారి పేరు దగ్గర తమ పేరు కూడా పడుతుంది. తీసుకోకపోతే పోయిన ప్లాస్టిక్ పోయినట్టే, పైకి పంపిన రెండు టన్నుల లెక్కకు తామే జవాబు చెప్పాలి. ఆయన జీపు బానెట్ మీద కాగితం పెట్టుకుని అరగంట రాశారు, కొట్టేశారు, మళ్ళీ రాశారు. చివరికి లింగమూర్తి పైకి చదివాడు.

"వల అనగా వల. అది చేపలు పట్టు సాధనమే గాని ప్లాస్టిక్ కాదు. కావున దిబ్బలరేవు గ్రామస్థులు సముద్రములో ప్లాస్టిక్ వేసినదియు లేదు, తీసినదియు లేదు. ఇందుమూలముగా సమస్త రిజిస్టర్లూ మూసివేయడమైనది. వలలు యజమానుల స్వాధీనములో ఉండును."

చదువు రాని ఎల్లాజీ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత గబగబా పోయి వలను ఎండలో బారుగా పరిచాడు. దానమ్మ అక్కడే నిలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఈసారి ఏడుస్తున్నందుకు ఆమెకు సిగ్గనిపించలేదు.

విశ్వంభరంగారు జీపెక్కబోతూ కుప్ప వైపు చెయ్యి ఊపారు. "ఈ పదార్థమును యథాస్థానమునకు చేర్చండి."

"అంటే ఏటి బాబూ?"

"ఎక్కడినుంచి తెచ్చితిరో అక్కడ వేసేయండమ్మా."

"మేం ఎయ్యం బాబూ," అంది దానమ్మ. "గావాలంటే మీరెయ్యండి."

విశ్వంభరంగారు చుట్టూ చూశారు. ఊళ్ళో ఒక్కడూ కదల్లేదు. లింగమూర్తి మాత్రం అలవాటు కొద్దీ రిజిస్టరు మళ్ళీ తెరిచి, 'వేసినది' గడి దగ్గర వేలు పెట్టి, కలం మూత తీశాడు.

"పూర్తి పేరు చెప్పండి సార్," అన్నాడు.